నూట పద్దెనిమిది డ్యూటీ దిగలేదు

మీకిప్పుడు ఏ పనిముట్టు కావాలన్నా ఫోన్ మీద వేలు ఆనిస్తే చాలు, దిగిపోతుంది. నేను చెప్పబోయేది నల్లతెర పనిముట్టు సంగతి. దానికి బొమ్మ ఉండదు, బటన్ ఉండదు. నల్లటి తెర మీద దాని పేరు టైపు చేసి ఎంటర్ కొడితే బదులు పలుకుతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చిందా, మనల్ని జన్మలో చూడనట్టు మొహం పెడుతుంది. అలాంటి పనిముట్టును మూడు రకాల కంప్యూటర్లలో ఎక్కించి, చచ్చిపోయిన ఒక మనిషిని నేను ఎనిమిది నెలలు డ్యూటీలో ఉంచాను. నవ్వు వచ్చిన చోట నవ్వండి. నేనూ నవ్వాను. తప్పు అక్కడే మొదలైంది.

ముందు నా చదువు గురించి చెప్పాలి, ఎక్కువసేపు పట్టదు. తొమ్మిదో తరగతి, అదీ ముక్కాలు. మా నాన్న విజయనగరం నుంచి వచ్చి రాయ్‌పూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా కుదురుకున్నాడు. లెక్కల మాస్టారు ఒకరోజు నన్ను క్లాసు బయట నిలబెట్టారు. నిలబడి నిలబడి బజారుకు వెళ్లిపోయాను. ఆయన లోపలికి పిలిచారో లేదో ఇప్పటికీ తెలియదు. పాటల సీడీలు రాసిచ్చే కొట్టులో పనికి కుదిరి, కంప్యూటర్ విప్పడం నేర్చుకున్నాను. బిగించడం తర్వాత నేర్చుకున్నాను. అలా అలా రాయ్‌పూర్ పక్కనే ఉర్లాలో, ఇనుపరాయిని బొగ్గుతో కాల్చే ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీకి ‘కంప్యూటర్ వాలా’నయ్యాను.

అక్కడ రెండు బట్టీలు ఉండేవి. ఒక్కోదానికి ఒక కేబిన్, కేబిన్‌లో ఒక కంప్యూటర్. వేడి ఎంత, గ్యాస్ ఎంత అని అవి రాసుకుంటూ ఉండేవి. బట్టీ వెనక ఇటుకలతో కట్టిన పెద్ద గది ఉంటుంది, డస్ట్ చాంబర్ అంటారు. బట్టీలోంచి వచ్చే దుమ్మూ గ్యాసూ అందులోంచే పోతాయి. బొగ్గు సగం సగం కాలినప్పుడు పుట్టే ఆ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడికి హాయిగా నిద్ర ముంచుకొచ్చినట్టు ఉంటుందట.

రెండో నంబర్ కేబిన్ ఆపరేటర్ మా తెలుగువాడే, టోకెన్ నూట పద్దెనిమిది. మిగతావాళ్లు డ్యూటీ ఎక్కినప్పుడు రిజిస్టర్‌లో పెన్నుతో గీకేవారు. ఆయన మాత్రం కంప్యూటర్‌లో తన టోకెన్ నంబర్ కొట్టి ఎక్కేవాడు, దిగేటప్పుడు మళ్లీ కొట్టి దిగేవాడు. ఒకరోజు మధ్యాహ్నం చాంబర్‌లో ఏదో చప్పుడు వస్తోందని కుర్చీలోంచి లేచాడు. “ఇప్పుడే వస్తా” అని పక్కవాడితో చెప్పి వెళ్లి, మేన్‌హోల్ మూత తీసి లోపలికి తొంగి చూశాడు. టీ తెచ్చినవాడికి ఆ మూత పక్కనే బోర్లా పడి కనిపించాడు. 

రెండో బట్టీ ఆర్పేశారు. కేబిన్‌కు తాళం వేశారు. గేటు దగ్గర బోర్డు మీద మేకులకు అందరి ఇత్తడి టోకెన్లూ వేలాడుతుంటాయి. ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. డ్యూటీలో పోయినవాడి టోకెన్‌ను గోడవైపు తిప్పి అదే మేకుకు వదిలేస్తారు. ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వరు.

ఆయన తమ్ముడు అక్కడే ఫిట్టర్. నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఊరు ఒక్కటే.

నాలుగు నెలలు పోయాక, వానాకాలంలో, ఒకటో కేబిన్ కంప్యూటర్‌లో అంతా దాచుకునే డిస్క్ కాలిపోయింది. అది లేకపోతే బట్టీ గుడ్డిది. మా షిఫ్ట్ ఇన్‌చార్జ్ పక్కన తిల్దా ఊరి మనిషి, పెద్దాయన, అందరూ దాఊ అనే పిలిచేవారు. “ఏదో ఒకటి చెయ్, షిఫ్ట్ మారేలోపు కావాలి” అన్నాడు. కొత్త డిస్క్ వచ్చేసరికి వారం. నా బుర్రలో వెలిగింది తాళం వేసిన కేబిన్.

ఎవరికీ చెప్పకుండా తాళంచెవి పట్టుకెళ్లాను. మిట్ట మధ్యాహ్నం. లోపల బల్ల మీద, కుర్చీ మీద, గాజు మీద వేలెడు నల్లదుమ్ము. కుర్చీ తలుపువైపు తిరిగి ఉంది, మనిషి లేచి వెళ్లిన కోణంలోనే. టీ గ్లాసు అడుగున ఎండిపోయిన వలయం. ఇవన్నీ సరే. కీబోర్డు మీద మాత్రం దుమ్ము లేదు. అద్దంలా తుడిచి ఉంది. కరెంటు లేని గదిలో, తాళం వేసిన గదిలో. స్క్రూలు ఎలా విప్పానో, డిస్క్ ఎలా లాగానో నాకు గుర్తులేదు. బయటికి వచ్చి రెండు నిమిషాలు ఎండలో నిలబడ్డాను, చలి తగ్గడానికి.

ఆ డిస్క్ ఒకటో కేబిన్ కంప్యూటర్‌లో పెట్టాను. నడిచింది. ఎక్కడిదని అడిగితే ఆఫీసు పాతసామాను అన్నాను. నిజం చెబితే ఆ కంప్యూటర్ ముందు ఒక్కడూ కూర్చోడు.

తర్వాతి వారమే హెడ్డాఫీసు ఇంజనీరు ఆ నల్లతెర పనిముట్టు పంపాడు. పేరు కొడితే చాలు, అన్ని కేబిన్‌ల లెక్కా ఒక్కచోట చెబుతుందట. ముందు ఒకటో కేబిన్‌లో లినక్స్ కంప్యూటర్‌కు ఎక్కించాను. లినక్స్‌ది మా నాన్న స్వభావం. ‘దీన్ని నడవనియ్’ అని మన నోటితో అనుమతి ఇస్తేగానీ నడవనివ్వదు, పని అయ్యాక అయిందని చెప్పదు. తర్వాత కంట్రోల్ రూమ్‌లో విండోస్. దానిది అద్దె ఇంటి ఓనరమ్మ స్వభావం. పనిముట్టు తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టినా, ఏ గదిలో ఉందో దారి రాసివ్వకపోతే ‘అలాంటివాళ్లు ఇక్కడెవరూ లేరు’ అంటుంది. దారి రాసిచ్చాను. దాఊ, ఇద్దరు ఆపరేటర్లు నా వెనక నిలబడ్డారు. పేరు కొట్టి ఎంటర్ నొక్కాను.

నల్లతెర మీద రెండు వరుసలు వచ్చాయి. ఒకటో నంబర్: జవాబు లేదు. రెండో నంబర్: వేడి తొమ్మిది వందల నలభై. డ్యూటీలో ఉన్నది, నూట పద్దెనిమిది.

పైన ఫ్యాన్ తిరుగుతోంది. చల్లారిపోయిన బట్టీ ఎర్రగా మండుతోందని, పోయిన మనిషి దాన్ని చూసుకుంటున్నాడని తెర చెబుతోంది.

“కా హోగే గా?” అన్నాడు దాఊ. వాళ్ల ఛత్తీస్‌గఢీలో ఏమైందిరా అని.

నాకు అర క్షణంలో అర్థమైపోయింది. డిస్క్ రెండో కేబిన్‌ది, అందుకే ఒకటో బట్టీ వేడి చూపిస్తూ తన పేరు ‘రెండు’ అని చెబుతోంది. ఆయన ఆరోజు దిగినట్టు నంబర్ కొట్టలేదు కాబట్టి, దాని లెక్కలో ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. ఇంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పేస్తే అయిపోయేది. కానీ నేను జోకర్ని. గొంతు తగ్గించి, “దాఊ, ఒన్ ఛుట్టీ నయ్ లే హే” అన్నాను, ఆయన సెలవు తీసుకోలేదని.

ఒక ఆపరేటర్ వెనక్కి జరిగి కుర్చీ మీద పడ్డాడు. నవ్వు పెదాల దాకా వచ్చింది, టీ తాగేటప్పుడు చెబుదామని ఆపుకున్నాను. టీ కంటే ముందు తమ్ముడు వచ్చాడు.

“బావా, ఏటంతన్నారీలు? అన్న టోకెను కనబడతందంట?”

“అదేం లేదురా...”

“నానోసారి సూడనీ.”

తెర ముందు నిలబడ్డాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ అంకె మీద రెండు వేళ్లు ఆనించాడు. “అన్నది ఒకటే మాట బావా. ఇప్పుడే వస్తానన్నాడు కదా” అన్నాడు. ఏడవలేదు. నాలుగు నెలల్లో ఆ మొహం అంత తేటగా ఉండటం నేను చూడలేదు. “నానింకా రోజూ తాళం తీసుకుని ఎల్లి ఆడి కీబోర్డు తుడుస్తన్నాను. ఇక్కడుండి పనిసేసుకుంటన్నాడని నాకేటి తెలుసు?”

చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. మింగేశాను. చాలా తిన్నాను కానీ జీవితంలో అంత అరగనిది ఇంకోటి లేదు.

ఆ రోజు నుంచి షిఫ్ట్ ఎక్కే ముందు వచ్చేవాడు. “బావా, ఒకపాలి కొట్టు” అనేవాడు. నేను పేరు కొట్టేవాణ్ని, వరుస వచ్చేది, చూసి పనికి పోయేవాడు. పది సెకన్లు. రెండు వారాలకు దాఊ కూడా అలవాటు పడ్డాడు. తెర మీద రెండు అంటే మన ఒకటే అని ఆపరేటర్లు నోటిమాటగా ఒకరికొకరు చెప్పుకున్నారు. పేరు మార్చమని ఎవరూ అనలేదు. మారిస్తే ఎవరికి కోపం వస్తుందో అని భయం. రెండో కేబిన్ గడప మీద ఎవరో రోజూ ఒక టీ గ్లాసు పెట్టడం మొదలైంది. గేటు దగ్గర టోకెన్‌ను ఎవరో మళ్లీ ముందుకు తిప్పారు. ఎవరని అడిగితే అందరూ ఎదుటివాడి మొహం చూశారు.

ఇంకోటి కూడా జరిగేది. రోజూ మధ్యాహ్నం టీ వేళకు సరిగ్గా ఆ వరుస మాయమయ్యేది. రెండు నిమిషాలు ‘జవాబు లేదు’. మళ్లీ వచ్చేది, నూట పద్దెనిమిదితో సహా. “చాయ్ పియే బర్ గేహే” అనేవారు ఆపరేటర్లు, టీకి వెళ్లాడని. మొదట్లో నవ్వుతూ అనేవారు. తర్వాత మామూలుగా, పక్క సీటువాడి గురించి చెప్పినట్టు. దాని రహస్యం నేను తవ్వి తీశాను. రోజూ ఆ వేళకు కంప్యూటర్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలయ్యేలా ఆయనే ఏర్పాటు చేసుకున్నాడు. తను టీకి వెళ్లినప్పుడు దానికీ విశ్రాంతి ఇచ్చేవాడన్నమాట. రహస్యం తెలిసినా ఏం లాభం? ఆ స్క్రూలు నేనే బిగించాను, అందులో ఏముందో నాకే తెలుసు. అయినా టీ వేళకు గదిలో ఒక్కణ్నే ఉంటే, ఆ వరుస మళ్లీ వచ్చేదాకా తలుపు వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయేవాణ్ని.

ఏడు నెలలయ్యాక రెండో బట్టీ మళ్లీ వెలిగించాలని నిర్ణయించారు. దాని కేబిన్‌లో కొత్త డిస్క్ వేశాను. ‘రెండు’ అని పేరు పెడితే పనిముట్టు ఒప్పుకోలేదు, ఆ పేరుతో ఒకరు ఇప్పటికే ఉన్నారంది. అప్పుడైనా పాతదాన్ని సరిచేయాలి. సరిచేస్తే డిస్క్ కొత్తగా రాయాలి, నూట పద్దెనిమిది పోతుంది. రేపు పొద్దున వాడు వచ్చి “ఒకపాలి కొట్టు” అంటే ఏం చూపించాలి? కొత్తదానికి ‘ఒకటి’ అని పేరు పెట్టేశాను. అలా తెర మీద ఒకటి అంటే రెండు, రెండు అంటే ఒకటి అయ్యాయి. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

అందరిలో ఒకాయన లేడు. కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసర్. పద్ధతి మనిషి, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకునేవాడు. తన మ్యాక్ లాప్‌టాప్‌లో ఆ పనిముట్టు ఎక్కించమన్నాడు. మ్యాక్‌ది పెళ్లి సంబంధం చూసే పెదనాన్న తీరు. ఈ పనిముట్టు ఎవరిది, ఏ ఇంటిది, నాకు తెలిసినవాళ్లది కాదే అంటుంది. దాన్ని బతిమాలి ఒప్పించేసరికి అరగంట పట్టింది. అప్పుడే తమ్ముడు షిఫ్ట్ ఎక్కుతూ వచ్చి నా భుజం వెనక నిలబడ్డాడు. వరుసలు వచ్చాయి.

“యే ఏక్, దో క్యా హై?” ఈ ఒకటీ రెండూ ఏంటని అడిగాడు ఆఫీసర్.

వెనక తమ్ముడి ఊపిరి నా మెడకు తగులుతోంది. వాడి ముందు ఏం చెప్పను?

“బట్టీ కా నంబర్ హై, సర్” అన్నాను, బట్టీల నంబర్లేనని.

నేను నలభై ఏళ్లు అందరినీ ఆటపట్టించిన మనిషిని. వేల అబద్ధాలు ఆడి ఉంటాను, వాటిలో ఇదే చిన్నది.

నెల తర్వాత షట్‌డౌన్ పెట్టారు. రెండో బట్టీ ఇంకా వెలిగించనే లేదు, ఒకటో బట్టీ ముందురోజే ఆపారు. దాని డస్ట్ చాంబర్‌లో గడ్డకట్టిన బూడిద తీయడానికి మనుషులు దిగాలి. దిగాలంటే గ్యాస్ లేదని సేఫ్టీ ఆఫీసర్ పర్మిట్ మీద సంతకం చేయాలి. దాఊ తిల్దాలో మేనకోడలి పెళ్లికి వెళ్లాడు. నేను టాటీబంధ్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని గంట ఆలస్యంగా వచ్చాను. 

ఫ్యాక్టరీలో అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. చప్పుడు లేదు. పెద్ద ఫ్యాన్లు ఆగిపోయాయి, బట్టీ తిరగడం లేదు. అన్నేళ్లలో మొదటిసారి అక్కడ పావురాల రెక్కల చప్పుడు విన్నాను. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని అలవాటుగా పేరు కొట్టాను.

ఒకటో నంబర్: గ్యాస్ సున్నా. రెండో నంబర్: గ్యాస్ అంకె నేను ఎప్పుడూ చూడనంత పొడుగ్గా ఉంది. ఆపిన ఒకటో బట్టీలో మిగిలిన బొగ్గు రాత్రంతా రాజుకుంటూనే ఉందన్నమాట. ఆ పొడుగు అంకె పక్కన ఎప్పటిలాగే, డ్యూటీలో నూట పద్దెనిమిది.

“చాంబర్‌లో దిగేవాళ్లు ఎక్కడ?” అని ఆపరేటర్‌ను హిందీలో అడిగాను.

“ఏక్ నంబర్ మే గయే. సాబ్ నే దేఖ్ లియా, జీరో హై. పర్మిట్ మిల్ గయా.” ఒకటోదాంట్లోకి వెళ్లారని, సాబ్ చూసి సున్నా అని పర్మిట్ ఇచ్చేశాడని, తెర వైపు చూడకుండానే చెప్పాడు.

“ఎవరెవరు?”

మూడు పేర్లు చెప్పాడు. మొదటిది తమ్ముడిది.

గోడకు వేలాడుతున్న, గ్యాస్ కొలిచే చేతి మీటరు లాక్కుని పరిగెత్తాను. తెర వచ్చిన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. నా మాట ఎవరూ నమ్మరని మెట్లు దిగేటప్పుడే నాకు తెలుసు. ఆ మాట నమ్మని స్థితికి వాళ్లను తెచ్చింది నేనే. నా చెప్పుల చప్పుడు ఆ ఖాళీ షెడ్‌లో నా వెనక ఇంకెవరో పరిగెడుతున్నట్టు వినిపిస్తోంది. తిరిగి చూడలేదు.

మేన్‌హోల్ మూత తీసి ఉంది. తమ్ముడు నడుముకు బెల్టు, తాడు కట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి కూర్చున్నాడు.

“దిగకురా! గ్యాసుంది!”

మిగతా ఇద్దరూ నవ్వారు. “లో, ఆగయే జోకర్ భాయ్.” వచ్చేశాడు జోకరు, అని.

ఆఫీసర్ లాప్‌టాప్ ఎత్తి చూపించాడు. “ఏక్ నంబర్, జీరో.”

“సర్, అది ఒకటి కాదు. అది రెండో బట్టీ. ఇది రెండో నంబర్‌గా కనిపిస్తోంది, గ్యాస్ నిండుగా ఉంది.”

“తుమ్ హీ నే తో బోలా థా, బట్టీ కా నంబర్ హై.” నువ్వే కదా చెప్పావన్నాడు.

“అబద్ధం చెప్పాను సర్.”

తమ్ముడు నావైపు చూశాడు. రెండో కాలు కూడా లోపలికి వేశాడు. “బావా, ఇయ్యాల పరాసికాలొద్దు. రెండులో అన్నున్నాడు. అన్నున్న కాడ గ్యాసెందుకుంటది? ఉన్నా, అది అటేపు.”

“అన్న లేడురా.” మళ్లీ గట్టిగా అన్నాను. “అన్న ఎక్కడా లేడు. ఆయన కంప్యూటర్‌లో డిస్క్ తీసి ఈ బట్టీకి నేనే పెట్టాను. అందులో పాత అంకె ఉండిపోయింది. రోజూ నువ్వు చూసిపోయేది ఆ అంకెని. మొదటిరోజే చెప్పాల్సింది. చెప్పలేదు.”

వాడు కదల్లేదు. బయటికీ రాలేదు, లోపలికీ దిగలేదు. నేను వంగి, మీటరును వాడి బెల్టు తాడు చివర కట్టి, వాడి మోకాళ్ల మధ్య నుంచి చాంబర్‌లోకి వదిలాను. ఒక చెయ్యంత దిగిందో లేదో, అది కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆ నిశ్శబ్దంలో ఆ అరుపుకు పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ ఇద్దరూ వాడి చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగారు. ఆఫీసర్ మూత వేశాడు. మీటరు ముడి జారి లోపలే ఉండిపోయింది, మూత కింద నుంచి సన్నగా అరుస్తూనే ఉంది.

తమ్ముడు ఇటుకల మీద కూర్చున్నాడు. “ఎనిమిది నెల్లు నవ్వుకున్నావా బావా?” అన్నాడు.

“ఒక్కరోజు నవ్వాను” అన్నాను. “మిగతా రోజులన్నీ భయపడ్డాను.”

తాడు విప్పుకుని, దాన్ని చుట్ట చుట్టి, నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నాకు మెమో ఇచ్చారు, పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆఫీసర్ చేతి మీటరు వాడని తన తప్పు కూడా రిపోర్టులో రాసుకున్నాడు, అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. ఆ పదిహేను రోజులకు ముందు మాత్రం ఒక పని అప్పగించారు. మర్నాడు పొద్దున్నే వచ్చి పేర్లన్నీ సరిచేసి వెళ్లాలి. మీరు ఈ పనిలోకి వస్తే ఒక్కటి మాత్రం వినండి. యంత్రానికి పేరు పెట్టేటప్పుడు, దాన్ని చదివేవాడు మీకు తెలియని మనిషి అనుకుని పెట్టండి. నోటిమాటగా అందరికీ తెలుసన్నది ఒట్టిమాట, ఎవడో ఒకడు నిన్ననే చేరి ఉంటాడు.

మర్నాడు షిఫ్ట్ కంటే ముందే వెళ్లాను. వాడు వచ్చేలోపు ముగించేద్దామని. కొత్త డిస్క్ బల్ల మీద పెట్టి, పాతదాన్ని ఆపబోతుంటే తలుపు దగ్గర నీడ పడింది. తమ్ముడు. హెల్మెట్ చంకలో ఉంది. రోజూ వచ్చే వేళకు గంట ముందు వచ్చాడు.

“తీసేసినావా?”

“ఇంకా లేదు.” తెర మీద వరుస అలాగే ఉంది. “నువ్వు ఉంచమంటే... ఈ డిస్క్ వేరే కంప్యూటర్‌లో పెట్టి నీకిస్తాను. ఎవరికీ కనబడదు, నీ ఒక్కడికే. పొద్దున్నే చూసుకోవచ్చు.”

వాడు దగ్గరికి వచ్చాడు. అంకె మీద వేళ్లు పెట్టలేదు. పొడుగ్గా ఉన్న గ్యాస్ అంకెను చదివాడు, తర్వాత నూట పద్దెనిమిదిని చదివాడు.

“ఇందులో ఎవులూ లేరు కదా?”

“లేరు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“అయితే తీసెయ్ బావా. ఎవుడో ఇది సూసి దిగుతాడు.”

తీసేశాను. కొత్త డిస్క్ పెట్టి, పేరు సరిచేసి, పనిముట్టును మళ్లీ ఎక్కించడానికి ముప్పావుగంట పట్టింది. వాడు అంతసేపూ నిలబడే ఉన్నాడు. చివరికి పేరు కొట్టాను. ఒకటో నంబర్: గ్యాస్ ఉంది. రెండో నంబర్: గ్యాస్ సున్నా. డ్యూటీ దగ్గర ఖాళీ. వాడు రెండు వరుసలూ మెల్లగా, పెదాలు కదుపుతూ చదివి, హెల్మెట్ తలకు పెట్టుకుని పట్టీ బిగించి, పనికి వెళ్లాడు.